ముప్పై ఆరు రోజుల తేడా

95వ రోజు

ఇది వార్డు వాళ్ళు చూసే పుస్తకం కాదు. వాళ్ళిచ్చిన కడుపు పుస్తకం వేరే ఉంది, నీలం అట్టది. అందులో రోజూ బరువు, తిన్నది, తాగిన నీళ్ళు రాయాలి. అబద్ధాలకు అది చాలు. నిజాలు రాసుకోవడానికి ఆకుకూరల గది నుంచి విత్తనాల డబ్బాల లేబుళ్ళు తెచ్చుకున్నాను. వాటి వెనక వైపు ఎవరూ చూడరు.

పొద్దున డాక్టర్ నుస్రత్ నా రక్తం చూసి, కడుపుతో ఉన్నానని చెప్పింది. నాకు అప్పటికే తెలుసు. మూడు రోజులుగా మెంతికూర వాసన పడటం లేదు. ఈ ఓడ మొత్తానికి మెంతికూర పెంచేదాన్ని నేనే.

"ఆఖరుసారి ఎప్పుడు ముట్టయినవ్?" అని అడిగింది.

ఈ ఏడాది పన్నెండో రోజు అన్నాను. స్టోరులో గుడ్డలు తీసుకున్నప్పుడు తేదీ రాసుకుంటారు కాబట్టి అది ఆమె దగ్గరా ఉంది. ముట్టు మొదలైన రోజు నుంచి రెండు వందల ఎనభై రోజులు, అంటే నలభై వారాలు లెక్కపెట్టింది.

"మొదటి రెండు వారాలు కడుపే ఉండదు, అయినా లెక్కల ఉంటయి. అందరికీ గట్లనే చేస్తం. నీకు పన్నెండో వారం నడుస్తున్నది. 292వ రోజు కాన్పు. ఓ వారం ముందూ వెనక కావచ్చు." తర్వాత తల ఎత్తి, "పన్నెండో వారానికి వాంతులు తగ్గుముఖం పడ్తయి. నీకేంది, ఇప్పుడు మొదలైనయ్?" అంది.

ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో తీరు కదా మేడం అని నవ్వేశాను. స్కానింగ్ యంత్రం తల పాడై రెండు నెలలైంది, కొత్తది తయారయ్యేదాకా కడుపులోకి చూసే దారి లేదు. అందుకు బతికిపోయాను.

మా ఆయన ఓదెలు నీళ్ళ పైపుల పని మానేసి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన ముఖంలో సంతోషం చూసి నేను కూడా కాసేపు సంతోషపడ్డాను. తర్వాత ఇద్దరమూ ఒకేసారి లెక్క వేసుకున్నాం. నలభయ్యో రోజు నుంచి ఎనభై ఒకటో రోజు దాకా నేను చలినిద్రలో ఉన్నాను. అంటే కడుపులో బిడ్డను పెట్టుకునే పడుకున్నాను.

97వ రోజు

నిద్ర పట్టడం లేదు, నలభై రెండు రోజులు పడుకున్న మనిషికి అది న్యాయమే.

చుక్కల మధ్య పోయే మా "ప్రాణహిత" ఓడలో పెద్దవాళ్ళందరికీ ఏడాదికి ఒక వంతు ఉంటుంది. నలభై రెండు రోజులు చలి పెట్టెలో పడుకోవాలి. ఆ రోజుల తిండీ గాలీ మిగతావాళ్ళకు మిగులుతాయి. వార్డులోకి తలకీ మూతికీ తొడుగు వేసుకుని వెళ్ళాలి. అక్కడ ఎవరూ ముఖం చూడరు, మణికట్టు మీది పట్టీ చూస్తారు.

నేను మా వదిన శంకరమ్మ పట్టీ కట్టుకుని వెళ్ళాను.

ఆమె మా అన్న భార్య. అన్న కొమురయ్య ఆరేళ్ళ కిందట పదిహేడో పెట్టెలో పడుకుని మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత ఐదు వంతులు వదిన పళ్ళు బిగబట్టుకుని పడుకుని లేచింది. ఈసారి ఆమెకు వచ్చిన పెట్టె నంబరు పదిహేడు. కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. వణుకుతున్న ఆమె చేతులు చూసి, నేనే పోతాను అన్నాను. ఆకుకూరల గదిలో పనిచేసేది నేనొక్కదాన్నే. ఆ నలభై రెండు రోజులూ నా పట్టీ కట్టుకుని ఆమె అక్కడే ఉంది, అక్కడే పడుకుంది. రికార్డులో నేను మెలకువగా ఉన్నాను, ఆమె నిద్రపోయింది.

కడుపుతో ఉన్నవాళ్ళను పడుకోనివ్వరు. పడుకునే ముందు రక్తం తీసి చూస్తారు. కానీ వదినకు నలభై ఎనిమిదేళ్ళు, ముట్లుడిగిపోయాయి. ఆమె పేరు మీద వెళ్ళిన నాకు ఆ పరీక్ష అక్కర్లేదన్నారు. సూది తప్పిందని అప్పుడు సంబరపడ్డాను కూడా.

చలిలో బిడ్డకేమైందో ఎవరిని అడగాలి? అడిగితే వదిన దొరికిపోతుంది. వంతు ఎగ్గొట్టినవాళ్ళకు రెండింతల నిద్ర. ఎనభై నాలుగు రోజులు.

152వ రోజు

డాక్టర్ లెక్కకు ఇవాళ్టితో ఇరవై వారాలు, సగం దారి. ఈపాటికి బిడ్డ కదలాలి. కడుపు అంచు బొడ్డు దాకా రావాలి. నాది బొడ్డుకి నాలుగు వేళ్ళ కిందే ఉంది.

రాత్రీపగలూ చెయ్యి కడుపు మీదే. మొక్కలకు నీళ్ళు పెడుతూ ఆగిపోతాను. ఏదో కదిలిందనుకుంటే అది ఆకలి.

వదిన ప్రతి సాయంత్రం వంటశాల నుంచి వచ్చేటప్పుడు తన వాటా బెల్లం ముక్క పొట్లం కట్టి తెస్తుంది. ఇవాళ నా కడుపు మీద చెవి పెట్టి చాలాసేపు విన్నది.

"ఏమినబడ్తుంది వదినా?"

"నీ పేగులు అర్సుకుంటున్నయ్. బెల్లం తిను." తర్వాత నా వైపు చూడకుండా, "నేను పండుకుంటే అయిపోతుండె" అంది.

"అట్ల అనకు."

"అనక? బిడ్డకేమన్నయితే నేను ఏ మొఖం పెట్టుకుని బతకాలె?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఓదెలు వాతావరణం తేలిక చేయడానికి, మా బిడ్డ తనలాగా బద్ధకిస్టు, టైముకు ఏదీ చేయదు అన్నాడు. నేను నవ్వలేదు. వదినా నవ్వలేదు. పాపం, ఆయనే కాసేపు నవ్వి ఊరుకున్నాడు.

188వ రోజు

కదిలింది.

తోటకూర కోస్తుంటే లోపల ఎవరో వేలితో గీరినట్టయింది. కత్తి కింద పెట్టి అలాగే నిలబడ్డాను. మళ్ళీ గీరింది. గదిలో ఎవరూ లేరు కాబట్టి గట్టిగా ఏడ్చాను.

ఇరవై ఐదు వారాలు నిండాయి. ఐదు వారాలు ఆలస్యం. అయినా సరే, కదిలింది.

215వ రోజు

స్కానింగ్ యంత్రానికి కొత్త తల వచ్చింది. మొదటి పిలుపు నాకే. తెర మీద బిడ్డ వెన్నెముక కనిపించింది. గుండె దడదడ కొట్టుకుంటోంది. వేళ్ళు లెక్కపెట్టాను, పది. ఆడపిల్ల.

డాక్టర్ నుస్రత్ మాత్రం తల, తొడ ఎముక కొలిచి పెదవి విరిచింది.

"నీకు ఇరవై తొమ్మిది వారాలు నిండినయ్. ఈ బిడ్డ ఇరవై నాలుగు వారాలంత ఉంది. ఐదు వారాలు ఎన్కకున్నది."

"స్కాన్ తప్పు కావచ్చు కదా మేడం?"

"మొదటి మూడు నెలలల్ల తీస్తే స్కాన్ చెప్పిందే ఖాయం చేస్తుంటి. అప్పుడు పిల్లలందరూ ఒక్క తీరుగనే పెరుగుతరు. ఇప్పుడు ఎవరి ఒళ్ళు వాళ్ళది. చిన్నగుంటే తేదీ తప్పా, ఎదుగుదల తప్పా చెప్పలేం. తిండి పెంచుతా. నాలుగు వారాలయినంక చూద్దాం."

తిండి పెంచారు. సోయా ముద్దలు రెండింతలు. ప్రతి ముద్దకీ ఒకటే ఆలోచన, నేను పదిహేడో పెట్టెలో పెట్టి నా బిడ్డను పాడుచేశాను.

243వ రోజు

ముప్పై మూడు వారాలు నిండాయి. బిడ్డ ఇరవై ఎనిమిది వారాలంత. డాక్టర్ చాలాసేపు అంకెలు చూసింది.

"విచిత్రంగున్నది. అప్పుడూ ఐదు వారాలే, ఇప్పుడూ ఐదు వారాలే. మల్లీశ్వరీ, నీ తేదీ ఖాయమేనా? మధ్యల ఏమన్నా దాస్తున్నవా?"

ఆ ప్రశ్నకు నేను నోరు తెరిచి ఉంటే ఈ లేబుల్ మీద వేరే మాటలు రాసేదాన్ని. ఖాయమే మేడం అన్నాను. వదిన చేతులు గుర్తొచ్చాయి, అంతే.

"అయితే బిడ్డకు లోపల సరిగ అందుతలేదు. ముప్పై ఏడు నిండంగనే తీసేద్దాం. 271వ రోజు. బయట పాలు తాగి పెరుగుతది."

నెలలు నిండని బిడ్డల్ని పెట్టే గాజు పెట్టె గురించి అడిగాను. దాని వేడి తీగ కాలిపోయి నాలుగేళ్ళయింది, ముప్పై ఏడు వారాల బిడ్డకు దాంతో పని లేదు అంది.

247వ రోజు

ఇవాళ ఒక్క లేబుల్ సరిపోదు.

చల్లగదిలో ఒక మెంతికూర ట్రే మరిచిపోయాను. లేబుల్ మీద ఇరవై ఒక్క రోజులని ఉంది. కోతకు రావలసింది. కానీ మొక్క చూస్తే పన్నెండు రోజులది, జానెడు కూడా లేదు. తెగులేమోనని వేర్లు తీసి చూశాను. తెల్లగా, గట్టిగా ఉన్నాయి. ఏ జబ్బూ లేదు. చల్లగదిలో ఉన్న రోజులు అది పెరగలేదు, అంతే. తప్పు మొక్కది కాదు, లేబుల్‌ది.

అక్కడే మట్టిలో కూర్చున్నాను.

చలినిద్రలో ఒంటికి ఏడు రోజులకు ఒక రోజు గడుస్తుంది. చిన్నప్పటి నుంచీ బళ్ళో చెప్పిందే. గోళ్ళు, జుట్టు, ఆకలి, అన్నీ అంతే. నలభై రెండు రోజులంటే నా ఒంటికి ఆరు రోజులు. ముప్పై ఆరు రోజుల తేడా. ఐదు వారాల ఒక రోజు.

వాంతులు ఆలస్యం కాలేదు. కదలిక ఆలస్యం కాలేదు. 188వ రోజుకు నాకు సరిగ్గా ఇరవై వారాలు. బిడ్డ వెనకబడలేదు, నాతోపాటు పడుకుని నాతోపాటు లేచింది.

ఇన్ని నెలల తర్వాత మొదటిసారి కడుపు మీద చెయ్యి పెడితే భయం వేయలేదు. ఆ హాయి ఎంతసేపుంది? పక్క ట్రే దాకా నడిచేంతసేపు. 271వ రోజున వాళ్ళు తీయబోయేది ముప్పై ఏడు వారాల బిడ్డను కాదు. ముప్పై రెండు కూడా నిండని బిడ్డను. ఊపిరితిత్తులు ఇంకా సిద్ధం కావు. గాజు పెట్టె పనిచేయదు.

250వ రోజు, కడుపు లెక్కకు 202

ముందు తేలిక దారి వెతికాను. డాక్టర్ దగ్గరికి వెళ్ళి, తేదీ తప్పు చెప్పాను మేడం, నేను ముట్టయింది నలభై ఎనిమిదో రోజు అన్నాను.

ఆమె కోప్పడలేదు. స్టోరు రికార్డు తెరిచి చూపించింది. పన్నెండో రోజు గుడ్డలు తీసుకున్నాను. ఆ తర్వాత తీసుకోలేదు.

"ఆపరేషన్ అంటే భయమైతది, నాకు ఎరుకే. రెండేళ్ళ కింద ఒకామె గిట్లనే వచ్చి తేదీ మార్చి చెప్పింది. నమ్మిన. పది రోజులకు బిడ్డ లోపల్నే పోయింది. మళ్ళ నమ్మ."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళు నా కడుపు మీదే ఉన్నాయి. ఆమెను తిట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది.

ఓదెలు రాత్రి భోజనం ముందు కూర్చుని అన్నం కలపడం లేదు. "చెప్పేద్దాం మల్లీ. వదినను నేను ఒప్పిస్త."

"ఒప్పించకు. నేను చూసుకుంటా."

ఏం చూసుకుంటానో నాకే తెలియదు.

258వ రోజు, కడుపు లెక్కకు 210

వదినను అడగలేదు. అడిగితే వద్దంటుందేమోనని భయం. సరే అంటుందేమోనని అంతకంటే భయం. ఆమె ముఖంలోకి చూస్తూ ఆ సరే అన్న మాట వినే ధైర్యం నాకు లేదు. అందుకని పొద్దున్నే ఒక్కదాన్నే వార్డుకు వెళ్ళి మొత్తం చెప్పేశాను.

డాక్టర్ నుస్రత్ మొదట నమ్మలేదు. పదిహేడో పెట్టె రికార్డు తెప్పించమన్నాను. పెట్టెకు మనిషి పేరు తెలియకపోయినా బరువు తెలుస్తుంది. వదిన డెబ్భై ఒక్క కిలోలు. నలభయ్యో రోజు పదిహేడో పెట్టెలో పడుకున్న మనిషి యాభై రెండు.

ఆమె ఆ అంకె చూసి కుర్చీలో వెనక్కి వాలింది. కాసేపటికి నా రికార్డులో ముప్పై ఆరు రోజులు కలిపింది. కాన్పు 328వ రోజు. ఆపరేషన్ కొట్టేసింది.

"పదమూడు దినాలైతే బిడ్డను నా చేతులతోని తీస్తుంటి" అంది.

"ఇది మన మధ్యనే ఉండదా మేడం?"

"తేదీ మార్చాలంటే కారణం రాయాలె. రాస్తే ఓడ కౌన్సిల్ చూస్తది."

సాయంత్రానికి చూసింది. నాకు శిక్ష బిడ్డకు ఏడాది నిండాక. వదినకు ఆరు రోజుల్లో.

వదిన రాత్రి వచ్చింది. బెల్లం పొట్లం చేతిలో ఉంది. బల్ల మీద పెట్టి నిలబడింది.

"ఎన్ని దినాలాయె నీకు తెలిసి?"

"పదకొండు."

"పదకొండు దినాలు నా ఎదురుంగ కూసుండి నేను తెచ్చిన బెల్లం తిన్నవ్. అడగకపోతివి."

"నీకు భయమని..."

"భయమే. చచ్చేంత భయం. అయినా నన్ను అడిగితే నా కాళ్ళతోని నేనే నడిచిపోయి చెప్తుంటి కదనే. నీ బిడ్డ కోసం నేను ఇయ్యగలిగింది అదొక్కటే ఉండె. గదన్న నాకు ఉంచలే నువ్వు."

వెళ్ళిపోయింది. వెనక నుంచి పిలిచాను. తిరగలేదు.

264వ రోజు, కడుపు లెక్కకు 216

ఐదు రోజులు మాట్లాడలేదు. వంటశాలకు వెళ్తే గిన్నెల వెనక్కి పోయింది.

ఇవాళ వార్డు తలుపు దగ్గర కాపు కాశాను. తొడుగు వేసుకుని వచ్చింది, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. డాక్టర్ నుస్రత్ మెత్తగా, మూడు పెట్టెలు ఖాళీగా ఉన్నాయి, నీకు నచ్చిన నంబరు చెప్పమంది.

"పదిహేడు" అంది వదిన.

"అమ్మా, అది వద్దు..."

"పదిహేడే. నా మరదలు దాంట్ల నుంచి బిడ్డతోని లేచొచ్చింది."

నా వైపు చూడకుండానే అంది. లోపలికి వెళ్ళింది. నడకలో తడబాటు లేదు, చేతులు మాత్రం రెండూ చంకల్లో దాచుకుంది.

292వ రోజు, కడుపు లెక్కకు 244

పాత తేదీ. నొప్పుల జాడ కూడా లేదు. దారిలో కనిపించిన ప్రతివాళ్ళూ, ఇంకా కాలేదా అంటున్నారు. కాలేదు, ముప్పై ఐదో వారమే నడుస్తోంది, అని అందరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది. స్కాన్‌లో బిడ్డ తన వయసుకు తగినంత ఉంది. నీలం పుస్తకంలో ఇప్పుడు అన్నీ నిజాలే రాస్తున్నాను. అయినా లేబుళ్ళు మానలేదు, అలవాటైపోయింది.

పనయ్యాక వార్డుకు వెళ్ళి గాజు వెనక నుంచి పదిహేడో పెట్టె దీపం చూసి వస్తాను. పచ్చగా వెలిగితే మనిషి క్షేమం. అన్నకు కూడా చివరి రోజు దాకా పచ్చగానే వెలిగిందని నాకు తెలుసు.

329వ రోజు

327వ రోజు మధ్యాహ్నం పుట్టింది. మూడు కిలోల వంద గ్రాములు. పుట్టగానే ఏడ్చింది, ఊపిరికి ఏ లోటూ లేదు. డాక్టర్ నుస్రత్ బొడ్డు కోసి, బిడ్డను నాకివ్వకుండా కాసేపు తనే ఎత్తుకుని నిలబడింది.

లెక్క ఒక్క రోజు తప్పింది. బద్ధకిస్టు అన్నందుకు ఓదెలు బిడ్డకు క్షమాపణ చెప్పాడు.

340వ రోజు

తొట్టెల గొడవ మొదలైంది. మా దగ్గర బిడ్డను మొదటిసారి తొట్టెలో వేసేది ఇరవై ఒకటో రోజున. తొట్టె తల్లి పుట్టింటివాళ్ళు తేవాలి, వాళ్ళే బిడ్డను అందులో వేయాలి. నాకు పుట్టిల్లంటే వదిన ఒక్కతే. ఇరవై ఒకటో రోజు 347వ రోజు వస్తుంది. ఆమె లేచేది 348న.

ఓదెలు వాళ్ళమ్మ, ఒక్క రోజు కోసం ఆనవాయితీ తప్పుతామా, ఎవరో ఒకరు వేస్తే సరి అంటోంది. వేయనివ్వనన్నాను. ఏం చెప్పినా వేయనివ్వనన్నాను. బిడ్డ నా పక్కలోనే పడుకుంటోంది, తొట్టె లేనందుకు దానికి ఏ బెంగా లేదు.

348వ రోజు

నాలుగు గంటల ముందే వెళ్ళి కూర్చున్నాను. బిడ్డ ఒళ్ళో ఉంది. పెట్టె మూత తెరిచారు. వేడి గాలి పెట్టారు. ఎంతకీ లేవకపోయేసరికి మూతి తొడుగు తీసేశారు. వదిన పెదవులు నల్లగా ఉన్నాయి. కదల్లేదు. డాక్టర్ నుస్రత్ ఆమె చెంప మీద తట్టింది, మళ్ళీ తట్టింది. పేరు పెట్టి పిలిచింది. నేను కూర్చోలేక లేచాను, నిలబడలేక కూర్చున్నాను. బిడ్డ ఏడుపు అందుకుంది.

ఆ ఏడుపుకు వదిన కనుబొమలు ముడిపడ్డాయి.

చాలాసేపటికి కళ్ళు తెరిచింది. పైకప్పు చూసింది. తర్వాత బిడ్డను చూసింది. నన్ను చూడలేదు.

"ఎన్ని దినాలది?" గొంతు గీరుకుపోయి ఉంది.

"ఇరవై ఒక్క రోజులు నిండాయి వదినా."

"తొట్టెలేసిన్రా?"

"లేదు. నువ్వు వేయాలని ఆపాను. నిన్నటితో ఆ రోజు దాటిపోయింది, అత్తమ్మ కోపంగా ఉంది."

వదిన వేళ్ళు దుప్పటి మీద మెల్లగా కదిలాయి. ఒకటి, రెండు, మూడు. ఏడు రోజులకు ఒకటి చొప్పున లెక్కపెడుతోందని నాకు అర్థమయ్యేసరికి ఆమె లెక్క పూర్తయింది.

"మీ అత్తకు చెప్పు. ఇది పుట్టి నాకు మూడు దినాలే అయింది. ఇంకా దినాలున్నయ్, ఏం దాటలే."

వణుకుతున్న చేతులు రెండూ చాచింది. బిడ్డను ఆమె గుండె మీద పడుకోబెట్టి, జారకుండా నేను కింద చెయ్యి పెట్టాను. అప్పుడు చూసింది నన్ను.

"ఇదన్న నాకు ఉంచినవ్" అంది.